రోడియో పెరేడ్‌కి గ్రాండ్ మార్షల్‌గా ఊరి మనుషుల్నే కూర్చోబెడదామనుకుంటున్నాం, సలహా కావాలి

గడ్డిమోపు:

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో హ్యూస్టన్‌కి గంటన్నర దూరంలో ఓ చిన్న ఊళ్లో ఉంటున్నాం, పదకొండేళ్లయింది. మా అమ్మాయి స్కూల్లో ఎఫ్ఎఫ్ఏలో (పిల్లలకు వ్యవసాయం, పశువుల పెంపకం నేర్పే సంఘం) చేరి మేకపిల్లను పెంచడం మొదలుపెట్టాక రోడియో (గుర్రాల, ఎద్దుల సవారీ పోటీల ఉత్సవం) మా ఇంట్లోకే వచ్చేసింది. మొదట నీళ్ల సీసాలు పంచడానికి పిలిచారు, తర్వాత రోడ్డు మీద కోన్లు పెట్టే పని ఇచ్చారు, ఈ ఏడాది ఏకంగా పెరేడ్ కమిటీలో వేసి గ్రాండ్ మార్షల్ (పెరేడ్ ముందు వరసలో వెళ్లే గౌరవ అతిథి) సంగతి నన్ను చూసుకోమన్నారు.

ఇన్నేళ్లూ జెండాల గుర్రాల వెనక వచ్చే ఆ మొదటి బండిలో స్పాన్సరో, ఎన్నికల్లో గెలిచినవాళ్లో కూర్చునేవారు. వాళ్లు చెయ్యి ఊపేవారు, జనమూ ఊపేవారు, అంతే. ఈసారి ఊరికి ఆపదలో అక్కరకొచ్చినవాళ్లను పిలుద్దామని నేనే అన్నాను, అందరూ సరేనన్నారు. పేర్లు రాసి వెయ్యమని లైబ్రరీలో ఒకటి, ఫీడ్ స్టోర్‌లో ఒకటి డబ్బాలు పెట్టాం. అరవై రెండు చీటీలు వచ్చాయి. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది.

ఎక్కువసార్లు వచ్చిన పేర్లు నాలుగు. వలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్న ఒకాయన, రాత్రి షిఫ్టులో 911 (అత్యవసర సాయం నంబరు) కాల్స్ తీసుకునే ఆవిడ, పశువుల డాక్టరు (కడుపులో దూడ అడ్డం తిరిగిందని ఫోన్ చేస్తే రాత్రి రెండింటికైనా వచ్చేస్తారు), ముప్పై ఒక్క ఏళ్లుగా స్కూల్ బస్సు నడుపుతున్న పెద్దావిడ. ఆవిడ మీద వచ్చిన చీటీ ఒకటి ఇంకా నా పర్సులోనే ఉంది. పెన్సిల్‌తో ఎవరో పిల్లాడు రాశాడు: "మా ఇంటి తలుపు తెరుచుకునేదాకా బస్సు కదలనివ్వదు."

ఇప్పుడు చిక్కులు చెప్తాను. కమిటీలో సగంమంది, నలుగురినే పిలిస్తే మిగతావాళ్లు నొచ్చుకుంటారు, నర్సులు, పోలీసులు, టీచర్లు అందరినీ ఒకే పెద్ద ట్రైలర్ ఎక్కించేద్దాం అంటున్నారు. రెండోది, బస్సావిడ ససేమిరా రానంటున్నారు, "జీతం తీసుకున్నాను, పని చేశాను, దీనికి ఊరేగింపెందుకు" అని. మూడోది, వీళ్లను గుర్రం మీద ఎక్కించాలా, బండిలోనా, కార్లోనా? మీలో ఇలాంటి పని చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.

సాల్ట్‌గ్రాస్‌ సవారి:

గడ్డిమోపు గారూ, ట్రైలర్ మాట మాత్రం ఒప్పుకోకండి, దండం పెడతాను. నేను వలంటీర్‌గా పనిచేసిన ఒక పెరేడ్‌లో (ఊరి పేరు వద్దులెండి) సరిగ్గా అదే చేశాం. ఫ్లాట్‌బెడ్ మీద గడ్డి బేళ్లు వేసి ఇరవై ఐదు మందిని కూర్చోబెట్టి పక్కన "మన హీరోలు" అని ఒక బానర్ కట్టాం. రోడ్డు పక్కన నా దగ్గర నిలబడ్డ ఒక తాతగారు "ఎవరు వీళ్లంతా?" అని మనవణ్ని అడిగారు, వాడికీ తెలీదు, నాకు కూడా సగంమంది తెలీదు. చివర్లో బేలు మీద కూర్చున్న నర్సు గారు మొదట్లో చెయ్యి ఊపారు, రెండు వీధులు దాటాక చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఆ చేతులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. అందరినీ గౌరవిద్దామనుకుని ఒక్కరినీ సరిగ్గా గౌరవించలేకపోయాం.

నలుగురు చాలు. నాలుగు బండ్లు, ఒక్కో బండికి రెండు పక్కలా పేరు, కింద ఒకే ఒక్క ముక్క: ఏం చేశారో. "సేవకు గుర్తింపుగా" లాంటివి రాయకండి, ఆ పిల్లాడు రాసినట్టు రాయండి. అక్షరాలు రోడ్డు అవతలి పక్క నుంచి కూడా చదవగలిగేంత ఉండాలి, అంటే మీరనుకున్నదానికి రెండింతలు. మైకు పట్టుకునే ఆయనకు ఒక్కొక్కరి గురించి మూడు వాక్యాలు ముందే రాసిచ్చి గట్టిగా చదివించండి, పేరు పలకడం తప్పిపోతే మిగతాదంతా వృథా. మైకు ఒక్కచోటే ఉంటే ఆ వీధి వాళ్లకే వినపడుతుంది, కనీసం రెండు చోట్ల పెట్టించండి. రాని మిగతావాళ్ల బెంగ అక్కర్లేదు, ఏటా జరిగేదే కదా, వచ్చే ఏడు ఇంకో నలుగురు.

ఇంకో మాట. హ్యూస్టన్ రోడియో పెరేడ్ 1938లో మొదలైంది, కానీ ఇప్పుడు దానికి ప్రాణం పోసేది ట్రైల్ రైడ్‌లే (ఊళ్ల నుంచి గుంపులుగా గుర్రాల మీద, బండ్ల మీద వచ్చే యాత్రలు) అని నా నమ్మకం. 1952లో బ్రెన్‌హామ్ నుంచి నలుగురు మనుషులు బండి కట్టుకుని బయల్దేరితే అది సాల్ట్ గ్రాస్ ట్రైల్ అయింది. 1957లో ప్రెయిరీ వ్యూ నుంచి నల్లజాతి రైతులూ రౌతులూ తమ దారి తాము వేసుకున్నారు. ఇప్పటికీ వేలమంది రోజుల తరబడి గుర్రాల మీద వచ్చి శుక్రవారం మెమోరియల్ పార్క్‌లో దిగి, మర్నాడు డౌన్‌టౌన్‌లో నడుస్తారు. వాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ తెలీదు. అందుకే చిన్న ఊళ్లో పేరు పెట్టి పిలిచే అవకాశం ఉన్నప్పుడు దాన్ని వదులుకోవద్దంటాను.

టూసాన్ అత్తమ్మ:

బండి సంగతి నేను చెప్తానమ్మా. అరిజోనాలో మా టూసాన్ పెరేడ్ 1925 నుంచి ఉంది, మోటారు బండ్లు ఉండవు, అన్నీ గుర్రాలూ గుర్రబ్బండ్లే. ఫిబ్రవరిలో గురువారం జరుగుతుంది, స్కూళ్లకు కూడా ఆ గురు, శుక్రవారాలు సెలవే. నేను ఆరేళ్లు బండ్లు ఎక్కించే దగ్గర పనిచేశాను, చూసింది చెప్తున్నాను.

గుర్రం ఎక్కడం అలవాటు లేనివాళ్లను ఎక్కించొద్దు, ఎంత సాధు గుర్రమైనా సరే. బ్యాండు డ్రమ్ములు, జెండా గుడ్డ చప్పుళ్లు, పిల్లల అరుపులు అన్నీ ఒక్కసారి మీద పడితే రోజూ సవారీ చేసేవాళ్లకే చెమటలు పడతాయి. గుర్రబ్బండి అయితే ఎక్కే మెట్టు ఎంత ఎత్తుందో ముందు రోజే చూడండి. ఒకసారి మోకాలు ఆపరేషన్ అయిన పెద్దాయన్ను ఎక్కించడానికి మెట్టుపీట లేక, వందమంది చూస్తుండగా ఇద్దరం రెక్కలు పట్టి లేపాల్సి వచ్చింది. ఆయన నవ్వారు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అప్పటినుంచి నా కారు డిక్కీలో ఒక గట్టి మెట్టుపీట, రెండు దుప్పట్లు ఎప్పుడూ ఉంటాయి. ఉదయం పూట ఎడారి చలి మామూలుగా ఉండదు, కదలకుండా గంటసేపు కూర్చునేవాళ్లకు ఇంకా ఎక్కువ.

ఫైర్ ఇంజన్ పెడుతున్నారా? పెడితే గుర్రాలకు దూరంగా పెట్టండి, సైరన్ వెయ్యొద్దని డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి. దీపాలు తిప్పుకోమనండి, చాలు. పెద్ద బండ్ల ఎయిర్ బ్రేకులు బుస్సుమన్నా గుర్రాలు బెదురుతాయి, కాబట్టి మధ్యలో నడిచేవాళ్ల గుంపొకటి ఉండాలి.

కాల్గరీ చలిమంట:

కొంచెం వేరే మాట చెప్తాను, తప్పుగా తీసుకోకండి. పేరున్నవాళ్లను పిలవడం ప్రతిసారీ ఉత్తి ఆర్భాటమేమీ కాదు. 2013 జూన్‌లో కెనడాలో మా కాల్గరీ వరదల్లో స్టాంపీడ్ (మా ఊరి పెద్ద రోడియో) మైదానమే మునిగింది. రెండు వారాల్లో జులై 5న మొదలవ్వాలి, జరగదనే అనుకున్నాం, జరిగింది. ఆ ఏడు పెరేడ్ మార్షల్ క్రిస్ హాడ్‌ఫీల్డ్, అంతరిక్ష కేంద్రం నుంచి భూమ్మీదకు దిగి రెండు నెలలు కూడా కాలేదు. అప్పటికి పదిహేను రోజులుగా బేస్‌మెంట్లలోంచి బురద ఎత్తుతున్నాం, నా గోళ్లలో మట్టి ఇంకా పోలేదు, ఆయన్ని చూడగానే మా పిల్లలు ఎగిరి గంతులేశారు, వాళ్లను చూసి మాకూ ఓపిక వచ్చింది. ఊరు బాగా అలిసిపోయిన ఏడాది అలాంటి మనిషి వస్తే కూడా మేలే. మీ నలుగురి విషయంలో మాత్రం సాల్ట్‌గ్రాస్‌ గారి మాటే నాదీ.

పెండిల్టన్ పొరుగు:

ఒరెగాన్‌లో మా దగ్గర అందరూ చెప్పుకునే కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. 1911లో పెండిల్టన్ రౌండప్ అనే మా రోడియోలో బ్రాంకో (లొంగని గుర్రం) సవారీ ఫైనల్‌కి ముగ్గురు మిగిలారు: నెజ్ పర్స్ అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన జాక్సన్ సన్‌డౌన్, నల్లజాతి రౌతు జార్జ్ ఫ్లెచర్, తెల్లవాడు జాన్ స్పెయిన్. జనమంతా ఫ్లెచర్‌దే గెలుపన్నారు, జడ్జీలు స్పెయిన్‌కి ఇచ్చారు, బహుమతి జీను ఆయనకే వెళ్లింది. అప్పుడు షెరిఫ్ టిల్ టేలర్ ఫ్లెచర్ టోపీ తీసుకుని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని జనానికి అమ్మి, వచ్చిన డబ్బు ఫ్లెచర్ చేతిలో పెట్టాడు. ఈ రోజు పెండిల్టన్ మెయిన్ స్ట్రీట్‌లో ఫ్లెచర్ కంచు విగ్రహం ఉంది. జడ్జీలు ఇవ్వనిది జనం ఇచ్చారు. మీ డబ్బాలో పడ్డ అరవై రెండు చీటీలు కూడా నా లెక్కలో ఆ టోపీ ముక్కల్లాంటివే, వాటిని పారెయ్యకండి. ఎవరి మీద రాసినవి వాళ్లకు ఇచ్చెయ్యండి, పెరేడ్‌కి రాని వాళ్లకు కూడా.

పాన్‌హ్యాండిల్ కోడలు:

బస్సావిడ వద్దనడం గురించి రాస్తున్నాను అక్కా, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా ఆయన వలంటీర్ ఫైర్‌మన్. 2024 ఫిబ్రవరి 26న ఇక్కడ టెక్సాస్ ఉత్తరాన పాన్‌హ్యాండిల్‌లో స్మోక్‌హౌస్ క్రీక్ అనే కార్చిచ్చు మొదలైంది, పది లక్షల ఎకరాలకు పైగా కాలింది, టెక్సాస్ చరిత్రలో అంత పెద్దది లేదు. ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పితే సాక్సు అంతా బూడిదే. కంచెలు కాలిపోయాయి, పశువులు పోయాయి, మిగిలినవాటికి మేత లేదు. అప్పుడు వేరే రాష్ట్రాల నుంచి లారీల మీద గడ్డి బేళ్లు వచ్చాయి, ఎవరో కూడా తెలీని రైతులు పంపారు.

తర్వాత మా ఊరి రోడియోకి మా ఆయన్ను మార్షల్‌గా పిలిస్తే, కోపం వచ్చినట్టే మాట్లాడారు. నేను రెండు రోజులు ఊరుకుని, "ఎందుకు వద్దు?" అని కాకుండా "ఇంకెవరైతే బాగుంటుంది?" అని అడిగాను. వెంటనే చెప్పారు, ట్యాంకర్లకు నీళ్లు నింపుతూ మూడు రాత్రులు బావి దగ్గరే కూర్చున్న ముసలి రైతు పేరు. ఆయన పక్కన కూర్చుంటేనే వస్తానన్నారు. అలాగే కూర్చోబెట్టారు. కాబట్టి ఆవిడ్ని బతిమాలకండి, ఏ రకంగా అయితే బాగుంటుందో ఆవిడ్నే అడగండి.

చనిపోయినవాళ్ల కుటుంబాలు మీ ఊళ్లో ఉంటే వాళ్ల దగ్గరకు ముందే ఒక్కరే వెళ్లి మాట్లాడండి, ఫోన్ మీద వద్దు. మా దగ్గర జీను కట్టి, రికాబుల్లో బూట్లు వెనక్కి తిప్పి పెట్టిన ఖాళీ గుర్రాన్ని ముందు నడిపించారు. ఆ వీధి మొత్తం టోపీలు తీసింది. మైకులో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, అది ఎవరు చెప్పారో గానీ సరైన పని.

గడ్డిమోపు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న కమిటీలో గట్టిగా మాట్లాడాను, ట్రైలర్ మాట పోయింది, నలుగురు ఖాయం. పెండిల్టన్ గారి మాట పట్టుకుని చీటీలన్నీ కవర్లలో పెట్టాను, మొత్తం పంతొమ్మిది మందికి ఇవ్వాలి, మా అమ్మాయి పేర్లు రాస్తోంది. అత్తమ్మ గారూ, మెట్టుపీట మా పక్కింటివాళ్ల దగ్గర దొరికింది, పద్నాలుగు అంగుళాలు ఉంది, సరిపోతుందా?

కోడలు గారూ, మీరు చెప్పినట్టే బస్సావిడ్ని అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. గిన్నెలు కడుగుతూనే ఉన్నారు. తర్వాత "బండిలో బొమ్మలా కూర్చోలేను గానీ, నా బస్సు నన్నే నడపనిస్తే వస్తాను, పిల్లలు ఎక్కుతారంటే" అన్నారు. స్కూలు వాళ్లు ఒప్పుకున్నారు. ఎయిర్ బ్రేకుల సంగతి గుర్తుంచుకుని బస్సుకూ గుర్రాలకూ మధ్య హైస్కూల్ బ్యాండును పెడుతున్నాం. బానర్ మీద ఆ పిల్లాడి వాక్యమే వేయిస్తున్నాను, వాడెవరో కనుక్కోలేదు, కనుక్కోను కూడా. రేపు సాయంత్రం టేపు తీసుకుని బస్సు కొలతలకు వెళ్తున్నా.