ఆడ బోడకాకర తీగ నుంచే పుప్పొడి తెప్పించిన వారు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా పందిరి మీద ఒక ఆడ బోడకాకర తీగ (కొందరు ఆకాకర అంటారు) ఉంది. కాయ సైజు, రుచి రెండూ చాలా బాగుంటాయి. ఈ రకం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. దుంపలతో పెంచవచ్చు కానీ అలా మొక్కల సంఖ్య పెరగడం మరీ నిదానం. మామూలు విత్తనం వేస్తే సగం దాకా మగ మొక్కలే వస్తాయి, పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. పందిరి, ఎరువు అన్నీ పెట్టాక పీకేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

సిల్వర్ నైట్రేట్ పిచికారీ చేస్తే వెండి అయాన్లు ఇథిలీన్ (మొక్కలో ఆడ పూలు రావడానికి తోడ్పడే హార్మోన్) పనిని అడ్డుకుని, ఆడ తీగ మీదే పుప్పొడి ఉన్న పూలు వస్తాయని చదివాను. లీటరు నీటికి అర గ్రాము, అంటే 500 పీపీఎం అనుకుంటున్నాను. మొగ్గ తొడగక ముందే కొట్టాలా? ఒకే కొమ్మకు కొడితే చాలా? ఆకులు మాడతాయా? ఆ పుప్పొడితో అదే తీగకు పరాగసంపర్కం చేస్తే వచ్చే మొక్కలన్నీ ఆడవే అవుతాయా?

మందు కొట్టిన కొమ్మ కాయలు తినం, విత్తనానికే ఉంచుతాం. స్వయంగా చేసినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.