సమస్య: చచ్చి నాణెమిచ్చె చక్రవర్తి

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. బతికుండగా నాణేలు కొట్టించినవాళ్లు లెక్కలేనంతమంది, చచ్చాక కొట్టించడం ఎలా కుదురుతుందో మీరే చెప్పాలి. ఇది ఊరికే పుట్టిన సమస్య కాదు. పాతనాణెం గారికి వాళ్ల తాతగారి పెట్టెలో ఒక విదేశీ వెండి నాణెం దొరికింది, ఎక్కడిదో చెప్పమని అడిగారు. దాని కథలోంచే పాదం వచ్చింది కాబట్టి మొదటి పూరణ వారిదే.

పాతనాణెం:
ధన్యవాదాలండీ. ఒకవైపు మేలిముసుగు వేసుకున్న నిండైన స్త్రీ ముఖం, భుజం కింద ఎస్.ఎఫ్. అని రెండు చిన్న అక్షరాలు, రెండోవైపు రెండు తలల గద్ద, 1780, ఆ అంకె పక్కనే చిన్న ఇంటూ గుర్తు. పద్యం రాయడం నాకు ఇదే మొదలు.

తాత పెట్టెలోన దళమైన నాణెమ్ము
రెండు తలల గద్ద చూపు నిలిపె
చెక్కినట్టి యేడు చెదరక నిలువంగ
చచ్చి నాణెమిచ్చె చక్రవర్తి

కందప్రియ:
మొదటి ప్రయత్నమే అంటే నమ్మలేకపోతున్నాను, గణాలన్నీ సరిపోయాయి. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, ‘రె’కి ‘చూ’ కుదరదు. ‘రెండు తలల గద్ద రెక్క విప్పె’ అంటే యతీ కుదురుతుంది, నాణెం మీది బొమ్మా అదే. ఇంకో మాట. చచ్చి ఎలా ఇచ్చాడన్న చిక్కుముడి మీ పద్యంలో విడిపోలేదు, చెక్కిన ఏడాది చెదరలేదని చెప్పి వదిలేశారు. సమస్యకి ప్రాణం ఆ ముడి విప్పడంలోనే ఉంది.

నాణేలనేస్తం:
ముడి నేను విప్పుతాను. ఇది మరియా థెరిసా థాలర్, అంటే ఆస్ట్రియాను ఏలిన మరియా థెరిసా బొమ్మతో కొట్టిన వెండి నాణెం. ఆమె 1780 నవంబర్ 29న కన్నుమూసింది. అప్పటికే ఎర్రసముద్రం చుట్టుపక్కల, ముఖ్యంగా యెమెన్‌లో, ఇథియోపియాలో వర్తకులు ఈ బొమ్మకి ఎంత అలవాటుపడ్డారంటే వేరే ముద్ర ఉన్న వెండి ఇస్తే తీసుకునేవాళ్లు కాదు. అందుకని ఆమె పోయాక కూడా 1780 అన్న అంకెతోనే కొడుతూ పోయారు, వియన్నాలోనే కాదు, తర్వాత రోమ్, లండన్, పారిస్, బొంబాయి టంకశాలల్లో కూడా. ఆస్ట్రియాలో 1858 దాకానే చెల్లింది, బయట ఇరవయ్యో శతాబ్దంలోనూ నడిచింది. కాబట్టి మీ నాణెం 1780లోనే పుట్టిందని అనుకోకండి, ఆ అంకె పుట్టిన తేదీ కాదు.

మరియ థెరిస గారి మరణమైన పిదప
అచ్చు మార్చకుండ నదియె కొట్ట
నమ్మకమ్ము తోడ నాటివా రడుగంగ
చచ్చి నాణెమిచ్చె చక్రవర్తి

నిర్వాహకుడు:
ముడి చక్కగా విప్పారు. ఒక్కటే లోటు, వరస తిరగబడింది. జనం అడిగారు కాబట్టి కొట్టారు కదా, మీ పద్యంలో కొట్టాక అడిగినట్టుంది. మధ్య రెండు పాదాలూ ఇలా మార్చి చూడండి:

నమ్మి జనులు పాత నాణె మడుగ
అచ్చు మార్చకుండ నట్లె కొట్టగ వెండి

కందప్రియ:
‘కొట్టగ వెండి’ బాగుంది, చివర్లో ఆ వెండి సుత్తి దెబ్బలా పడింది. నాకు ఇంకో సందేహం, ఆమెని చక్రవర్తి అనొచ్చా? హంగరీ, బొహీమియాలకి తన హక్కుతోనే రాణి, ఆ చక్రవర్తిని బిరుదు మాత్రం 1745లో భర్త పవిత్ర రోమన్ చక్రవర్తిగా ఎన్నికవడం వల్ల వచ్చింది.

నాణేలనేస్తం:
నాణెం మీద రెండూ రాసి ఉన్నాయి కాబట్టి సమస్యకి అడ్డం లేదు. పాతనాణెం గారూ, తూకం వేసి చూడండి. అసలుదైతే 28 గ్రాముల పైన పిసరంత ఉండాలి, వెండి వెయ్యికి 833 పాళ్లు, అడ్డంగా సుమారు 4 సెంటీమీటర్లు. ఏ టంకశాలదైనా తూకం అంతే కాబట్టి కాలం దాంతో తేలదు. దానికి ఛాతీ దగ్గరి ముత్యాల పతకం, గద్ద తోక ఈకలు భూతద్దంతో చూడాలి. దయచేసి తోమకండి, ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపు పోతే అలాగే మళ్లీ రాదు.

పాతనాణెం:
తోమలేదండీ, మీరు చెప్పకపోతే ఈ ఆదివారం చింతపండుతో రుద్దేవాడిని. 28.05 వచ్చింది! అంచు చుట్టూ కూడా ఏవో అక్షరాలున్నాయి, వేలితో తడిమితే తగులుతున్నాయి.

నాణేలనేస్తం:
అది లాటిన్, ‘న్యాయం, దయ’ అని. ఆమె వాడిన నినాదం. అంచు గీకి వెండి దొంగిలిస్తే అక్షరాలు పోయి తెలిసిపోతుంది, వర్తకులు నమ్మడానికి అదీ ఒక కారణం.

పాతనాణెం:
రాత్రంతా ఆ రెండు మాటలే మనసులో తిరిగాయి. ఇదిగో:

అంచు చుట్టు చూడ నక్షరా లున్నవి
న్యాయ మొకటి, కరుణ, నలుపు దేరి
గుణము నిలిచి యుండ, గోరి చేరినగాని
చచ్చి నాణెమిచ్చె చక్రవర్తి

రెండో పాదంలో యతి సరిపోయిందా?

కందప్రియ:
సరిపోయింది. ‘న్యా’ సంయుక్తాక్షరం, ‘న’తోనైనా ‘య’తోనైనా మైత్రి కుదురుతుంది. మూడో పాదంలో ‘గు’కి ‘గో’ కూడా సరే.

నిర్వాహకుడు:
‘గోరి చేరినగాని’ దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటినుంచి చదివాను. ఈ వారం మేటి పూరణ ఇదే.