ఓడ మీద ఉన్న కొడుక్కి అమ్మ జబ్బు సంగతి దాచడం తప్పా?

విల్లివాక్కం అమ్మాయి:
2025 మే నుంచి మా ఇంట్లో నలుగుతున్న గొడవ ఇది. అన్నయ్య నౌకాదళంలో ఉన్నాడు. ఆ నెల 7న ఆపరేషన్ సిందూర్ మొదలైనప్పుడు అతని ఓడ అరేబియా సముద్రంలో ఉంది. ఆ వారమే అమ్మకు పక్షవాతం వచ్చింది. అన్నయ్యకు చెప్పవద్దని నాన్న అందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. 10న కాల్పులు ఆగాయి. కొన్నాళ్ళకు అన్నయ్య రేవు చేరి ఫోను చేస్తే, "అమ్మ గుడికి వెళ్ళింది" అన్నారు. తీరా ఇంటికి వచ్చి చూస్తే అమ్మ కుడి చెయ్యి లేవడం లేదు. అప్పటినుంచి నాన్నతో అన్నయ్యవి ముక్తసరి మాటలే. మా వీధి తమిళులు నాన్నను "ఎమ్డన్" అంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ పేరది, గట్టి పిండానికి పేరైపోయింది. ఇంతకీ నాన్న చేసింది తప్పా?

అన్నానగర్ మాస్టారు:
మీ నాన్నగారే సరి. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీ మునిగి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. సముద్రం మీద యుద్ధమంటే అది. అలాంటి చోట రాడార్ ముందు కూర్చున్నవాడి మనసు ఆసుపత్రి మంచం దగ్గరుంటే పక్కవాళ్ళకూ ముప్పే. అయినా తెలిసి ఏం చేస్తాడు, ఈదుకుంటూ వస్తాడా?

తాంబరం కోడలు:
మాస్టారూ, ఖుక్రీని ముంచింది పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వేసిన టార్పెడో. ఎవరికో ఇంటి బెంగ పట్టుకుని కాదు. పోయినవాళ్ళను ఈ వాదంలోకి లాగకండి.

మా వారూ నౌకాదళమే. 2019 డిసెంబరులో ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు నిషేధించారు కదా, మా మామగారు పోయినప్పుడు తీరంలోని అధికారులకే కబురు చెప్పాను. ఈయన కాపలా వంతు ముగిసేదాకా కెప్టెన్ గారు ఆగి, పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి అప్పుడు చెప్పారట. ఏ వేళకు చెప్పాలో వాళ్ళకు తెలుసు. అసలు కబురే పంపకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

అన్నానగర్ మాస్టారు:
కెప్టెన్ యుద్ధం చూసుకోవాలా, మీ ఇంటి కబురు చూసుకోవాలా?

తాంబరం కోడలు:
రెండూ. అందుకే ఆయన కెప్టెన్.

పెరంబూరు తాతయ్య:
1971లో నేను తూర్పు నౌకాదళంలో సిగ్నల్ విభాగంలో ఉండేవాణ్ణి. అప్పుడు అన్నీ ఉత్తరాలే. ఓడ ఎక్కడుంటే అక్కడికి టపా వెనకాల పరుగెత్తేది, నెల రోజులవి ఒక్క సంచిలో వచ్చిపడేవి. ఏది ముందో తెలియాలని ఇంట్లోవాళ్ళు కవర్ల మీద అంకెలు వేసేవారు. నాకు 6 తరువాత 9 వచ్చింది. మధ్యవి టపాలో పోయాయనుకున్నాను. జనవరిలో సెలవు మీద వెళితే తెలిసింది, 7, 8 రాసి చింపేశారని. టైఫాయిడ్‌తో మా తమ్ముడు పోయాడు. 9వ ఉత్తరం మాత్రం "ఉభయకుశలోపరి" అనే మొదలైంది.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. "అంతా క్షేమం" అని వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ రెండుసార్లు చదివేవాణ్ణి, దాని కింద ఏం దాచారోనని. తమ్ముడి దుఃఖం మెల్లగా తగ్గింది. ఈ అలవాటు పోలేదు. ఆ డిసెంబరులోనే తెలిసి ఉంటే పని సరిగా చేసేవాణ్ణా అంటే, ఏమో మాస్టారూ, చేయలేకపోయేవాణ్ణేమో. అయినా తెలియాలనే అంటాను.

ఇంకో ముచ్చట. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు వేసిన ఎత్తుల్లో ఒక తంతి ఉంది. విక్రాంత్ నావికుడెవరో జబ్బుపడ్డ తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు, రహస్య లిపి లేకుండా పంపించారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దాకా వచ్చి డిసెంబరు 3-4 రాత్రి మునిగింది. శత్రువు కూడా నమ్ముతాడని లెక్క వేసింది దేని మీదో చూడండి: ఓడ మీదున్నవాడు అమ్మ ఎలా ఉందని అడుగుతాడని!

అన్నానగర్ మాస్టారు:
తంతి సంగతి బాగుంది. కానీ అది అడగడం, ఇది చెప్పడం. కాల్పులు ఆగేదాకా దాచాలనే నా మాట మారదు. అయితే రేవు చేరాక కూడా "గుడికి వెళ్ళింది" అనడం ఉంది చూశారా, అది మాత్రం నేనూ ఒప్పుకోను. అప్పుడు యుద్ధం లేదు, అది నాన్నగారి పిరికితనం.

విల్లివాక్కం అమ్మాయి:
నాన్నకు అంతా చదివి వినిపించాను. గుడి మాట దగ్గర తల దించుకున్నారు. పిరికితనం అన్న ముక్క చదవలేదు, మాస్టారు క్షమించాలి. కాసేపయ్యాక, "ఆ తంతి పంపిన కుర్రవాడి తల్లికి చివరకు ఎలా ఉందో పెద్దాయన్ని అడుగు" అన్నారు.

పెరంబూరు తాతయ్య:
ఆ తంతి ఉత్తుత్తిదే తల్లీ, అలాంటి తల్లి ఎవరూ లేరు. మా అమ్మ ఉండేది. ఆమెకు రాయడం రాదు, పక్కింటి పంతులుగారు రాసిపెట్టేవారు. ఆ 9వ ఉత్తరంలో అంతా నాన్న చెప్పి రాయించిందే. అడుగున మాత్రం "రాత్రిపూట తలకు చన్నీళ్ళు పోసుకోకు" అని ఇరికించి ఉంది. అది అమ్మది.