అప్‌డేట్: పాత మేనేజర్‌కి మెసేజ్ పెట్టేశా

కంపెనీ మారి చాలా కాలమైంది, ఇప్పుడు పాత మేనేజర్‌ని పలకరిస్తే అవసరానికి గుర్తొచ్చాం అనుకుంటారేమో అని అడిగా కదా, దానికి అప్‌డేట్ ఇది. ఉద్యోగం కావాలన్న సంగతి ఎత్తకుండా ముందు ఊరికే పలకరించమని మీలో చాలామంది చెప్పారు, అలాగే చేశా. "సార్, మీరు రిపోర్ట్‌లో మొదటి లైన్‌లోనే విషయం చెప్పేయమనేవారు, ఇప్పుడు మా టీమ్‌లో కొత్తవాళ్ళకి నేనూ అదే చెప్తున్నా" అని లింక్డ్‌ఇన్‌లో రాశా, అంతే. సాయంత్రానికల్లా ఆయనే ఫోన్ చేసి, ఎలా ఉన్నావు, ఏం చేస్తున్నావు అని చాలాసేపు మాట్లాడారు, నాకైతే ఎంత సంతోషమేసిందో!

తర్వాత అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూ ఉన్నాం, మొన్న వాళ్ళ ఫ్రెండ్ టీమ్‌లో ఖాళీ ఉందని ఆయనే చెప్పి రిఫర్ చేశారు, ఫస్ట్ రౌండ్ అయింది, రిజల్ట్ ఇంకా రాలేదు. ఇక్కడ ఒకరు 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్ట్ రాసిన రీసెర్చ్ గురించి చెప్పారు, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో ఎక్కువమందికి ఆ కబురు ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళ నుంచే వచ్చిందట, నా విషయంలో అచ్చం అలాగే జరిగింది. రిఫరెన్స్‌గా పేరు ఇచ్చే ముందు ఆయన్ని అడిగి, జాబ్ వివరాలు కూడా పంపా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్సండీ.