వేసవిలో ఇన్‌ఫ్లో మైనస్, వానకు ఒక్కసారే వరద: లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: మాది మధ్య తరహా జలాశయం. నీటి విస్తీర్ణం 20 చదరపు కిలోమీటర్లు, పరివాహక ప్రాంతం 400. ఏ మట్టం దగ్గర ఎంత నీరుంటుందో చెప్పే మట్టం–నిల్వ పట్టిక డ్యామ్ కట్టినప్పటిదే. వేసవిలో ఇన్‌ఫ్లో మైనస్ చూపిస్తోంది. పైన పొలాలు వెంచర్లయ్యాయి. చిన్న వానలకు చుక్క రావడం లేదు, పెద్ద వానకు గేట్లు ఎత్తే టైమ్ ఉండటం లేదు. ఏం చేయాలి సర్?

జవాబు: ఇన్‌ఫ్లో అంటే నిల్వలో మార్పుకు వదిలిన నీళ్లు, ఆవిరి కలిపి కట్టే లెక్క. అందుకే ముందు ఆవిరి కలుపుతున్నారో లేదో చూడండి. పాన్ (ఆవిరి కొలిచే తొట్టి) రీడింగ్ రోజుకు 8 మి.మీ. ఉంటే, తొట్టిలో జలాశయం కంటే ఎక్కువ ఆవిరవుతుంది కాబట్టి దాన్ని 0.7తో గుణించాలి, 5.6 మి.మీ. వస్తుంది. మీ విస్తీర్ణానికి అది రోజుకు 1.12 లక్షల ఘనపు మీటర్లు, అంటే సుమారు 46 క్యూసెక్కులు. అది కలిపినా మైనస్ పోకపోతే పట్టికను అనుమానించండి. పూడిక చేరి విస్తీర్ణం తగ్గిన చోట మట్టం ఒక అడుగు దిగితే, పాత పట్టిక అసలు కంటే ఎక్కువ నీళ్లు పోయినట్టు చూపిస్తుంది. శ్రీశైలం 885 అడుగుల దగ్గర మొదట 308 టీఎంసీలు పట్టేది, తర్వాతి సర్వేలో 215.81కి పడిపోయింది. జలాశయం నిండుగా ఉన్నప్పుడే పడవ మీద ఎకో సౌండర్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం), డీజీపీఎస్ (స్థానాన్ని కచ్చితంగా చెప్పే జీపీఎస్)లతో సర్వే చేయించండి. ఖాళీ అయ్యాక పడవ వెళ్లని చోట్లే పూడిక ఎక్కువ.

ప్రశ్న: గంటగంటకూ ఇన్‌ఫ్లో ఎగుడుదిగుడుగా వస్తోంది సర్. అదీ పూడిక వల్లేనా?

జవాబు: కాదండి, అది మట్టం చూసే గేజ్ దగ్గరి అలల పని. మీ విస్తీర్ణానికి ఒక్క సెంటీమీటర్ అంటే 2 లక్షల ఘనపు మీటర్లు. గంట లెక్కలో రీడింగ్ అంత తప్పితే దాదాపు 1,960 క్యూసెక్కుల లేని వరద కనిపిస్తుంది. రోజు లెక్కలో అదే తప్పు 82 క్యూసెక్కులే. అలలు తగలని స్టిల్లింగ్ వెల్ (గేజ్ బావి)లో చదివి, మూడు గంటల సగటు తీయండి.

మరొకరి జవాబు: వెంచర్ల సంగతి చెబుతాను. వానలో ఎంత పారుతుందో లెక్కించడానికి నేలకు ఇచ్చే అంకె కర్వ్ నంబర్; అది పెరిగితే పారేది పెరుగుతుంది. అడవి, బీడు, పొలం కలిసి అది 70 అనుకుంటే 100 మి.మీ. వానకు 33 మి.మీ. పారుతుంది. వెంచర్లతో అది 85 అయితే 61 మి.మీ. మీ పరివాహకానికి 0.46 టీఎంసీ కాస్తా 0.86 అవుతుంది, అదీ త్వరగా వచ్చి పడుతుంది. చిన్న వానలనేమో పైనున్న చెక్‌డ్యామ్‌లు, బోర్లు తోడేసి ఎండిన నేల మింగేస్తాయి. అందుకే ఏడాది మొత్తం రాక తగ్గుతూనే ఒక్కో వరద పెరుగుతుంది. ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్ భువన్‌లో భూవినియోగ మ్యాపు తీసి, ఒక్కో రకం నేల విస్తీర్ణాన్ని బట్టి సగటు నంబర్ మళ్లీ కట్టుకోండి.

ఆగస్టు కల్లా నింపేయాలనే పాత అలవాటు ఇక్కడే దెబ్బ కొడుతుంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, డ్యామ్ డిజైన్ చేసింది అంతకంటే చాలా తక్కువ వరదకే. తేదీని బట్టి కాక నేల తడిని, వాన సూచనను బట్టి ఖాళీ ఉంచండి. 0.86 టీఎంసీ వస్తుందనుకుని, కొత్త పట్టిక ప్రకారం 0.46 ఖాళీ ఉంటే, 0.4 ముందే వదలాలి. 24 గంటల్లో అయితే 4,630 క్యూసెక్కులు చాలు. ఆరు గంటలే మిగిలితే 18,500 పైనే కావాలి. గేట్లు అరడుగు చొప్పున, కింది ఊళ్లకు సైరన్ ఇచ్చాకే ఎత్తండి. దిగువ వాగులో ఆ 4,630 క్యూసెక్కులు పడతాయో లేదో మే నెలలోనే నడిచి చూసి, ఆక్రమణల దగ్గర మట్టాలు రాసి పెట్టుకోండి.