పంప్‌హౌస్ డేటా సాయంత్రం పూట ఆగిపోతోంది, తప్పు సిమ్‌దా, పోలింగ్‌దా?

పరవాడ_పంపులు:
పరవాడ వైపు ఒక ఎస్టేట్‌కి నీళ్లిచ్చే పని మాది. ఐదు పంప్‌హౌస్‌లు, ఒక్కోదాంట్లో ఒక పీఎల్‌సీ (పంపుని నడిపే చిన్న కంప్యూటర్), 4జీ మోడెమ్. కంట్రోల్ రూమ్‌లో స్కాడా (అన్నిటినీ ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్) మోడ్‌బస్ టీసీపీ అనే ప్రోటోకాల్ మీద 2 సెకన్లకోసారి అన్నిటినీ అడుగుతుంది, అదే పోలింగ్. పగలు బాగానే నడుస్తుంది, సాయంత్రం నెట్‌వర్క్ బిజీ అయ్యేసరికి కమ్యూనికేషన్ ఫెయిల్ అలారాలు వరసపెట్టి వస్తాయి. ట్రెండ్ గీత అక్కడక్కడా ఖాళీ, ఆ టైమ్‌లో ట్యాంక్ లెవెల్ ఎంతో ఎవరికీ తెలీదు. ఫైబర్ కొటేషన్ చూసి మా సార్ నోరెళ్లబెట్టారు. ఇంకేదైనా దారుందా?

పాత_ఆర్టీయూ:
ఫైబర్ దాకా ఎందుకు తమ్ముడూ. టైమవుట్, అంటే జవాబు కోసం ఆగే సమయం, ఎంత పెట్టారో ముందు చూడు. లోపలి ఈథర్నెట్‌కి సరిపోయే అర సెకను 4జీకి చాలదు, 3 నుంచి 5 సెకన్లు ఇవ్వు, పోలింగ్ 30 సెకన్లకి పెంచు. నిండటానికి గంటలు పట్టే ట్యాంక్‌ని 2 సెకన్లకోసారి అడిగి ఏం చేసుకుంటాం? పైగా ఒకదాని తర్వాత ఒకటి అడిగే పద్ధతైతే పలకని పంప్‌హౌస్ ఒక్కటున్నా మిగతా నాలుగూ దాని కోసం ఆగాలి.

ఖాళీల సంగతి వేరు. మోడ్‌బస్ 1979 నాటిది, రిజిస్టర్‌లో (విలువ ఉంచే గడిలో) ఇప్పుడున్న విలువ తప్ప అది ఎప్పటిదో చెప్పదు. లింక్ లేనప్పుడు మారింది పోయినట్టే. డీఎన్‌పీ3 గానీ ఐఈసీ 104 గానీ (ఇవీ ఇలాంటి ప్రోటోకాల్సే) అయితే ఆర్టీయూయే, అంటే సైట్‌లో డేటా సేకరించే పెట్టెయే, మార్పుల్ని టైమ్‌తో సహా దాచుకుని, లింక్ రాగానే పాతవన్నీ పంపుతుంది. మీ పీఎల్‌సీకి ఆ సదుపాయం ఉందేమో చూడు, లేకపోతే మధ్యలో ఒక ప్రోటోకాల్‌ని ఇంకోదాంట్లోకి మార్చే చిన్న గేట్‌వే పెట్టాలి.

మింది_మేడమ్:
ఎంక్యూటీటీ అనే ప్రోటోకాల్ కూడా చూడండి. 1999లో ఆయిల్ పైప్‌లైన్ల డేటాని శాటిలైట్ మీద తక్కువ ఖర్చుతో పంపడానికే అది పుట్టింది. సైట్ తనే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి సిమ్‌కి పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఎవరైనా చేరగల అడ్రస్) అక్కర్లేదు. అయితే నెట్ పోయినప్పుడు డేటా దాచే పని మాత్రం గేట్‌వేదే, కొనేముందు అది అడగండి, డబ్బా మీద ఎంక్యూటీటీ అని రాసుంటే సరిపోదు.

ఇంతకీ ఇప్పుడు బయట్నుంచి పోల్ చేస్తున్నారంటే సిమ్‌లకి పబ్లిక్ ఐపీ ఉన్నట్టేనా? మోడ్‌బస్ వాడే 502 పోర్ట్ తెరిచి ఉందా? మోడ్‌బస్‌కి పాస్‌వర్డే లేదండీ, దారిన పోయేవాడు కూడా పంపు ఆపెయ్యొచ్చు. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద బయటివాళ్లు చొరబడలేని దారి) గానీ ప్రైవేట్ ఏపీఎన్ (సిమ్ కంపెనీ ఇచ్చే విడి నెట్‌వర్క్) గానీ లేకుండా ఒక్క రోజు కూడా ఉంచకండి.

ఉప్పుగాలి:
లోపలి వైరింగ్ కూడా చూసుకో బ్రో. ఫ్లోమీటర్ ఆర్‌ఎస్-485 డేటా లైన్ మీద ఉంటే 120 ఓమ్ రెసిస్టర్ రెండు చివర్ల మాత్రమే ఉండాలి, ప్రతి మీటర్ దగ్గరా కాదు. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే డ్రైవ్) పవర్ కేబుల్ పక్కనే డేటా వైరు లాగితే మోటార్ తిరిగినప్పుడల్లా ఎర్రర్లే. గంగవరం వైపు అయితే సముద్రపు గాలికి టెర్మినళ్లు తుప్పు పట్టడం మామూలే, నెట్‌వర్క్‌ని తిట్టేముందు స్క్రూ విప్పి చూడండి అంటాను నేను.

పరవాడ_పంపులు:
మేడమ్, పబ్లిక్ ఐపీయే, ఇప్పుడే టెన్షన్ మొదలైంది. రేపే వీపీఎన్ పెట్టిస్తాను. రెండో సిమ్ వేస్తే లింక్ పోవడం తగ్గుతుందా?

పాత_ఆర్టీయూ:
మామూలు రోజుల్లో తగ్గుతుంది. కానీ రెండు కంపెనీలూ ఒకే టవర్ మీద ఉంటే కరెంటు పోగానే రెండూ పోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో ఫోన్లే మూగబోయాయి కదా. 865-867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ అక్కర్లేని రేడియో ఉంది, కొండ అడ్డు లేకపోతే లెవెల్ ఒక్కటీ దానిమీద తెచ్చుకోవచ్చు. ఏది పెట్టినా ట్యాంక్ నిండితే పంపు ఆపే లాజిక్ కంట్రోల్ రూమ్‌లో ఉండకూడదు. ట్యాంక్ దూరంగా ఉంటే లెవెల్ రావడం ఆగిన ఇన్ని నిమిషాలకి పంపు తనంతట తనే ఆగేలా అక్కడి పీఎల్‌సీలోనే రాయించు. అది ముందు, సిమ్ తర్వాత.