పాన్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో పొడి అక్షరం.. నాన్న రీఫండ్ ఎలా వస్తుంది?

అందరికీ నమస్కారం అండి. మాది తెనాలి, నాన్నకి కిరాణా కొట్టు ఉంది, వయసు 63, ఈసారి ఆదాయపు పన్ను రిటర్న్ ఆన్‌లైన్‌లో నేనే వేస్తున్నా. ఐటీఆర్-4 ఫారం తీసుకున్నా, 44ఏడీ (చిన్న వ్యాపారులు అమ్మకాల్లో ఇంత శాతం లాభం అని చూపించే సెక్షన్) కింద నగదు అమ్మకాల మీద 8 శాతం, ఫోన్‌పే లాంటి వాటిల్లో వచ్చిన దాని మీద 6 శాతం లాభం చూపించా, అక్కడిదాకా బానే ఉంది. చిక్కంతా రీఫండ్ దగ్గరే.

పోయిన ఏడాది 15హెచ్ (వడ్డీలో పన్ను కోయొద్దని పెద్దవాళ్ళు బ్యాంకుకి ఇచ్చే ఫారం) ఇవ్వడం మర్చిపోయాం, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీలో బ్యాంకు వాళ్ళు టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసేశారు, పన్ను లెక్క చూపించే 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో కనపడుతోంది. అది వెనక్కి రావాలంటే ఐటీ పోర్టల్‌లో బ్యాంకు అకౌంట్ వ్యాలిడేట్ అవ్వాలి కదా, రెండుసార్లు పెట్టినా పేరు కలవట్లేదని ఫెయిల్ అయింది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్‌లో ఒక్క పొడి అక్షరమే, మన వాళ్ళ పేర్లన్నిటికీ ఇదే గొడవ. బ్రాంచికి వెళ్తే ఆధార్, పాన్ జిరాక్సులు తీసుకుని రేపు రండి ఎల్లుండి రండి అంటున్నారు, నాన్న కొట్టు మూసుకుని మూడుసార్లు తిరిగారు, చూస్తే బాధేస్తోంది.

ఇప్పుడు రిటర్న్ వేసి ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేసేసి, పేరు మారాక రీఫండ్ రీఇష్యూ (మళ్ళీ పంపమని) పెట్టుకోవచ్చా? లేక పేరు మారేదాకా ఆగాలా? అమ్మతో కలిపి ఉన్న జాయింట్ అకౌంట్‌లో నాన్న పేరు పూర్తిగానే ఉంది, మొదటి పేరు మాత్రం అమ్మది, అది ఇస్తే తీసుకుంటుందా? ఇలా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.